అంతరాత్మ మేల్కొననిదే హక్కు నడువదు

పట్టణములందే కాక ఇప్పుడు పల్లెలందును ఇల్లు కట్టు ప్రతి గృహస్థుడును నేలక్రింద నొక సెప్టిక్ ట్యాంకు కట్టించుచున్నాడు. కట్టించి, పైన బండ పరపించిన దినమునుండి దానిమాట మఱచిపోవుచున్నాడు. కొన్నియేండ్లకది నిండును. నీరు వెనుకకు దన్నును. దుర్గంధము వసారా వఱకు వచ్చును. అప్పుడు గృహస్థుడు ఇరుగుపొరుగువారి నడిగి యొక ఫోను నంబరు సంపాదించును. ఆ నంబరుగలవాడు ఇద్దఱు కూలీలను వెంటబెట్టుకొని వచ్చును. బేరము జరుగును. కొన్ని వందల రూపాయల యొద్ద పట్టుదల పెరుగును. తుదకు బేరము కుదిరి, బండ తొలగింపబడును. గృహస్థుడు ముక్కునకు గుడ్డ యడ్డము పెట్టుకొని లోనికిబోయి తలుపు వేసికొనును. పని ముగిసినపిదప రూపాయలు గట్టుమీద నుంచును. ఆ గుంతలోనికి దిగినవాని పేరేమని మాత్ర మడుగడు.

ఈ గృహస్థుడు దుర్మార్గుడు కాడు. దేవాలయమునకు చందా నిచ్చును. పేదబాలునకు పుస్తకములు కొనియిచ్చును. ఎన్నికల దినమున వరుసలో నిలిచి వోటు వేయును. స్వాతంత్ర్యదినమున జెండాకు నమస్కరించును. ఆతడు మనలో నొకడు. అందుచేతనే ఆతనిని గూర్చి వ్రాయవలసి వచ్చుచున్నది. దుర్మార్గుల వలన దేశమునకు గలుగు కీడునకు పోలీసులు, న్యాయస్థానములు కలవు. సజ్జనుల యుపేక్ష వలన గలుగు కీడునకు మందేమి?

ముందుగా చట్టము మాట చెప్పుదుము. 2013వ సంవత్సరపు చట్టము, 7వ సెక్షను ప్రకారము, తగిన రక్షణసాధనములును శుద్ధిపరికరములును సమకూర్పక, ఏ మనుష్యునైనను మురుగుకాలువలోనికి గాని సెప్టిక్ ట్యాంకులోనికి గాని దింపుట నేరము. దింపినది పురపాలక సంఘమైనను, కంట్రాక్టరైనను, ఇంటి యజమానియైనను ఒక్కటియే. నేరుగా దింపినను, ఇంకొకనిచేత దింపించినను ఒక్కటియే. మొదటి తప్పునకు రెండేండ్ల వఱకు ఖైదు గాని, రెండులక్షల రూపాయల వఱకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మఱల చేసినచో ఐదేండ్లు, ఐదులక్షలు. ఇది వారంటు లేకయే పట్టుకొనదగిన నేరము. జామీను హక్కుగా దొరకని నేరము. పైన జెప్పిన గృహస్థుడు తలుపు వేసికొన్న క్షణముననే నేరస్థుడయ్యెను. ఆ సంగతి ఆతడెఱుగడు, ఎఱుగవలెనని తలంపనులేదు.

చట్ట మింత కఠినముగా నుండుటకు కారణము కలదు. మూసియున్న మురుగు క్రుళ్లి హైడ్రోజన్ సల్ఫైడు, మీథేను మొదలగు వాయువులు పుట్టును. ప్రాణవాయువు తగ్గిపోవును. హైడ్రోజన్ సల్ఫైడు గాలికంటె బరువైనది గావున అడుగున నిలుచును. కొంచెముగా నున్నప్పుడు క్రుళ్లిన గ్రుడ్ల వాసన వేయును గాని, మితిమీరినప్పుడు ముక్కునకు వాసన పట్టు శక్తినే చంపివేయును. అనగా అపాయము పెరిగినకొలది సూచన మాయమగుచున్నది. లోనికి దిగినవాడు కొన్ని శ్వాసలలో స్మృతి తప్పి పడిపోవును. వానిని లేపుటకై రెండవవాడు దిగును, వాడును పడిపోవును. ఒక గుంతలో ఇద్దఱు, ముగ్గురు, కొన్నియెడల తండ్రియు కొడుకును ఒకేసారి మృతిచెందిరను వార్తలకు మూలమిదియే. పడిపోయిన తోడివానిని విడిచి పాఱిపోజాలని మనుష్యధర్మమే ఆ రెండవవాని ప్రాణము తీయుచున్నది. పైన నిలిచిన మనకు ఆ ధర్మము పట్టకుండుటయే వింత.

2019 మొదలు 2023 వఱకు ఐదేండ్లలో ఇట్లు మురుగుకాలువలలోను సెప్టిక్ ట్యాంకులలోను మరణించినవారు 377 మంది అని కేంద్రప్రభుత్వమే పార్లమెంటునకు దెలిపినది. ఇది లెక్కకు వచ్చినవారి సంఖ్య. 2022, 2023 సంవత్సరముల మరణములలో 54 మరణములను గూర్చి ప్రభుత్వము చేయించిన సామాజిక తనిఖీ ఫలితములు 2025 జూలైలో పార్లమెంటునకు వచ్చినవి. ఆ 54 మందిలో 49 మందికి ఏ రక్షణసాధనమును లేకుండెను. 38 మంది ఏ సంస్థయందును ఉద్యోగులు గారు. విడివిడిగా కూలికి పిలువబడినవారు. ఈ తుది సంఖ్యను పాఠకులు మఱియొకసారి చదువవలెనని కోరుచున్నాము. పిలిచిన దెవరు? మనవంటి యిండ్లవారు, హోటళ్లవారు, అపార్ట్‌మెంటు సంఘములవారు, వారి తరపున వచ్చిన కంట్రాక్టర్లు. ఈ మరణములకు ప్రభుత్వ మొక్కటియే బాధ్యురాలనుకొని మనము సుఖముగా నిద్రించుటకు వీలులేదు.

చనిపోయిన వారికి హక్కులు లేవా యని యడిగినచో, పుష్కలముగా నుండెనని ప్రత్యుత్తరము. 1950 జనవరి 26వ తేదీన అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము 17వ అధికరణముచేత అస్పృశ్యతను రద్దుచేసినది. 21వ అధికరణముచేత ప్రాణమునకు రక్షణ నిచ్చినది. పాకీదొడ్లను, మనుష్యులచేత మలము నెత్తించుటను నిషేధించుచు 1993లో నొక చట్టము పుట్టినది. ఆ చట్టము కావలెనని తీర్మానించి పార్లమెంటును కోరిన ఆరు రాష్ట్రముల శాసనసభలలో నాటి యుమ్మడి ఆంధ్రప్రదేశ శాసనసభ యొకటి. చట్టము పుట్టినను అమలులోనికి వచ్చుటకు 1997 జనవరి 26 వఱకు పట్టినది. పిదప 2013 చట్టము. 2014 మార్చి 27న సుప్రీముకోర్టు, 1993 నుండి మురుగుకాలువలలో మరణించిన ప్రతివాని కుటుంబమునకు పదిలక్షల రూపాయ లీయవలెనని యాజ్ఞాపించినది. 2023 అక్టోబరు 20న ఆ మొత్తమును ముప్పదిలక్షలు చేసినది. 2025 జనవరి 29న హైదరాబాదుతో సహా ఆరు మహానగరములలో మనుష్యులను మురుగులోనికి దింపుట మానవలెనని యుత్తరువు చేసినది. రాజ్యాంగము, రెండు చట్టములు, మూడు తీర్పులు. ఇన్ని కవచములు తొడిగిన మనుష్యుడు ఒట్టి దేహముతో గుంతలోనికి దిగి చచ్చుచున్నాడు. కవచము కాగితమునందున్నది, దేహము గుంతయందున్నది.

హక్కు కాగితమున బుట్టి వీథిలోనికి రాకపోవుట మన దేశమున క్రొత్త గాదు. 1923లో బొంబాయి శాసనమండలి, ప్రభుత్వధనముతో నడుచు చెఱువులు, బావులు అస్పృశ్యులనబడువారికిని తెఱువబడవలెనని తీర్మానించెను. కొంకణదేశమందలి మహడ్ పురపాలక సంఘము 1924లో తన చవదార్ చెఱువును అందఱికిని తెఱచితినని ప్రకటించెను. అయినను మూడేండ్లపాటు ఆ చెఱువు నీటిని ముట్టుటకు ఒక్క అస్పృశ్యుడును సాహసింపలేదు. పశువులు త్రాగుచుండెను, పక్షులు త్రాగుచుండెను, హక్కుగల మనుష్యుడు గట్టుపై నిలిచి చూచుచుండెను. 1927 మార్చి 20న డాక్టరు అంబేద్కరు వేలాది జనముతో నడిచిపోయి దోసిలి ముంచి త్రాగెను. ఆనాడే వారిపై దెబ్బలు పడెను. పిదప చెఱువునకు శుద్ధి జరిగెను. ఆ యేడు ఆగస్టులో పురపాలక సంఘము తన తీర్మానమును తానే రద్దుచేసికొనెను. తుదకు 1937లో బొంబాయి హైకోర్టు ఆ నీటిపై వారికి గల హక్కును స్థిరపఱచెను. దోసెడు నీటి హక్కునకు పదునాలుగేండ్లు పట్టినది.

ఇంతటి యనుభవము గడించిన అంబేద్కరు 1943లో పూనాయందు రనడేగారి జయంతి సభలో ప్రసంగించుచు, హక్కులను నిజముగా గాపాడునది చట్టముగాదనియు, సంఘము యొక్క నైతికమైన అంతరాత్మ యనియు అభిప్రాయపడిరి. తరువాత రాజ్యాంగ రచనాసంఘమునకు అధ్యక్షుడైన న్యాయవాది చెప్పిన మాట యిది. చట్టముల విలువ నెఱుగనివాడు చెప్పినది గాదు.

అయితే ఈ మాటను తలక్రిందులు చేసి, తమ సోమరితనమునకు దిండుగా వాడుకొనువారు మనలో బెక్కుమంది కలరు. “చట్టములవలన నేమగును? మనస్సులు మాఱవలయును గదా!” యని నిట్టూర్చి, మనస్సులు తమంతట తాము మాఱు శుభదినమునకై ఎదురుచూచుచు గూర్చుందురు. ఇది అంతరాత్మ మాట గాదు, అంతరాత్మను జోకొట్టుట. మహడ్ కథలో సంఘము తనంతట తాను మేల్కొనలేదు. హక్కు పొందినవారు, ఆ హక్కును చేతబట్టుకొని సంఘము తలుపు తట్టిరి; దెబ్బలు తినిరి; మఱల తట్టిరి. అంతరాత్మ లేనిదే హక్కు నడువదనుట యెంత నిజమో, హక్కు వచ్చి తట్టనిదే అంతరాత్మ లేవదనుటయు నంత నిజము. రెండు చక్రములలో నొకటి విఱిగిన బండి నిలిచిపోవును గాని, రెండవ చక్రము నిందింపదగినది కాజాలదు.

మన కాలమున ఆ తలుపు తట్టినవారిలో నొకరు తెలుగువారు. కోలారు బంగారుగనుల పట్టణమున 1966లో జన్మించిన బెజవాడ విల్సన్ కుటుంబము పాకీపనిచే బ్రతికినది. ఆయన పాకీదొడ్ల ఛాయాచిత్రములు తీసి, అధికారులకు లేఖలు వ్రాసి, ఆంధ్రప్రదేశమున ఉన్నతోద్యోగము నిర్వహించి విరమించిన కీర్తిశేషులు ఎస్. ఆర్. శంకరన్ గారి వంటి వారి తోడ్పాటుతో సఫాయి కర్మచారీ ఆందోళనను నడపిరి. 2003లో వారు సుప్రీముకోర్టు నాశ్రయించిరి. దేశమున పాకీపనియే లేదని చెప్పుటకు ప్రభుత్వములు సిద్ధముగా నుండగా, ఉన్నదని సాక్ష్యములతో రుజువుచేయవలసిన భారము బాధితులమీదనే పడినది. 2014 తీర్పు ఆ వ్యాజ్యఫలమే. 2015 డిసెంబరు 10న అస్సామునందలి దిబ్రూగఢ్‌నుండి బయలుదేఱి, 125 దినములు దేశము తిరిగి, 2016 ఏప్రిలులో ఢిల్లీ చేరిన వారి యాత్రలో ప్రజల నడిగినది ధనము గాదు, దయ గాదు. తమ్ము చంపవలదని మాత్రమే. ఇంత చిన్న కోరికకు అంత పెద్ద దేశము తిరుగవలసివచ్చుట మనకు గౌరవము గాదు.

మన యుపేక్ష మూడు మాటలతో తన్ను సమర్థించుకొనుచుండును. వానిని విచారింతము.

“వారే యిష్టపడి వచ్చుచున్నారు, మేము బలవంతము చేయలేదు” అనునది మొదటి మాట. పాఱిశుద్ధ్యపు కాలువలలో పనిచేయు 38,000 మందిని గూర్చి 2024లో వెలువడిన ప్రభుత్వ లెక్కలలో నూటికి సుమారు 69 మంది షెడ్యూల్డు కులములవారు. ఇష్టమనునది కులముల వెంబడి ఇంత క్రమముగా నడచునా? ఇష్టపడి చేయు పనియైనచో అన్ని యిండ్ల బిడ్డలలోను ఆ యిష్టము కొంచెము కొంచెముగా గనబడవలయును గదా. ఆకలిని అంగీకారమని పిలుచుట వ్యాపారమునకు చెల్లునేమో గాని ధర్మమునకు చెల్లదు.

“ఇది ప్రభుత్వము చూచుకొనవలసిన పని” అనునది రెండవ మాట. ప్రభుత్వము తన వంతు మాటలగారడి చేయుచునేయున్నది. మలమును చేతితో నెత్తుట వేఱు, మురుగులో దిగుట వేఱు అని పదములను చీల్చి, పాకీపనివలన మరణములే లేవని 2021 జూలైలో రాజ్యసభకు మంత్రి ప్రత్యుత్తర మిచ్చెను. చచ్చినవాడు ఏ పదము క్రింద చచ్చెనో తేల్చుకొనుట ఆతని భార్యకు ముఖ్యము గాదు. కాని ప్రభుత్వము మాటలగారడి చేయగలుగుటకు కారణము, ఆ గారడిని విప్పియడుగు వోటరు లేకపోవుట. రోడ్డు గుంతలను గూర్చి మనము శాసనసభ్యు నడుగుదుము. మంచినీటి కొళాయిని గూర్చి అడుగుదుము. ఈ గుంతను గూర్చి ఏ సభయందు అడిగితిమి?

“వారు చేయనిచో మఱియెవరు చేయుదురు?” అనునది మూడవ మాట. ఇది మిక్కిలి ప్రాతమాట. 1901లో కలకత్తా కాంగ్రెసు మహాసభకు వచ్చిన గాంధీగారు అచ్చటి మరుగుదొడ్ల రోతను స్వచ్ఛందసేవకులకు జూపగా, అది మా పని గాదు, పాకీవాని పనియని వారు ప్రత్యుత్తరమిచ్చిరి. గాంధీగారు చీపురు తెప్పించుకొని తామే శుభ్రము చేసిరి. స్వరాజ్యమడుగ వచ్చిన మహాసభలోనే ఆ మాట వినబడెను. స్వరాజ్యము వచ్చి డెబ్బదియైదేండ్లు దాటిన పిదపను వినబడుచున్నది. నాడు దానికి చీపురు ప్రత్యుత్తరమైనది. నేడు యంత్రము ప్రత్యుత్తరము. హైదరాబాదు జలమండలి 2017లోనే ఇఱుకు సందులలోనికి బోగల 70 చిన్న జెట్టింగు యంత్రములను ప్రవేశపెట్టినది. దళిత పారిశ్రామికులే వానికి యజమానులగునట్లు ఏర్పాటు చేసినది. మనుష్యుడు దిగకయే సెప్టిక్ ట్యాంకును పీల్చివేయు గొట్టపుబండ్లు నేడు చిన్న పట్టణములందును దొరకుచున్నవి. కావున “మఱియెవరు?” అను ప్రశ్నకు కాలము తీఱినది. మిగిలినది బండికి మనిషికి మధ్యనున్న కూలి భేదము మాత్రమే. ఆ కొద్ది రూపాయల కొఱకు మనము ప్రాణముల నొడ్డుచున్నాము. అవి మన ప్రాణములు గావు గనుక ఆ బేరము మనకు లాభముగా దోచుచున్నది.

చట్టమున నొక విశేషము కలదు. దానిని పాఠకుల దృష్టికి ప్రత్యేకముగా దెచ్చుచున్నాము. ఈ నేరమును న్యాయస్థానము విచారణకు గైకొనవలెనన్నచో ఫిర్యాదు కావలయును. అదియు నేరము జరిగినట్లు ఫిర్యాదిదారునకు దెలిసిన దినమునుండి మూడు నెలల లోపల రావలయును. అనగా చట్టము తానై నడువదు. ఎవరో యొకరు లేచి, “నేను చూచితిని” అని చెప్పినప్పుడే నడుచును. శాసనకర్తలు తెలిసియో తెలియకయో చట్టపు తాళపుచెవిని పౌరుని చేతిలో బెట్టిరి. ఆ పౌరుడు దానిని జేబులో వేసికొని తిరుగుచున్నాడు.

ఏల తిరుగుచున్నాడో మనకు దెలియనిది గాదు. గుంతలోనికి మనిషిని దింపినవాడు పొరుగింటివాడు. ఒకే వీథిలో నుండెదము. ఒకే పెండ్లివిందులో కూర్చుండెదము. ఒకే ఆలయకమిటీలో సభ్యులము. లేదా ఆతడు మన తోటలకు కూలీలను గూర్చువాడు. లేదా మన పంచాయతీ సభ్యుడు. అట్టివానిపై ఫిర్యాదు చేయుట మర్యాద గాదనిపించును. చచ్చినవాడు మన విందులకు వచ్చువాడు గాడు, కావున ఆతని యెడల మర్యాద తప్పినట్లు మనకు దోచదు. ఉపేక్ష యనగా క్రూరత్వము గాదు. ఎవరితో మర్యాదగా నుండవలెనో ముందే నిర్ణయించుకొని, మిగిలినవారిని లెక్కనుండి తీసివేయుట. హక్కు అను పదమునకు మూలార్థము ఆ లెక్కలో అందఱిని జేర్చుటయే.

కావున మేము గొప్ప త్యాగముల నడుగుట లేదు. ఇంటి యజమాని తన ట్యాంకునకు మనిషిని దింపననియు, గొట్టపుబండిని మాత్రమే పిలిపింతుననియు నిశ్చయించుకొనవలయును. అద్దెకిచ్చిన యింటికిని ఈ నియమము వర్తింపజేయవలయును. అపార్ట్‌మెంటు సంఘములు దీనిని తీర్మానముగా వ్రాసికొని, కంట్రాక్టరుచేత సంతకము చేయించుకొనవలయును. గ్రామమందలి పెద్దరైతులు పంచాయతీచేత ఒక బండిని కొనిపింపవలయును. కొనలేనిచో ప్రక్క పట్టణమునుండి దానిని రప్పించుకొను ఏర్పాటైనను చేయింపవలయును. 2020లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన 14420 అను సహాయపు నంబరును వంటయింటి గోడమీద వ్రాసికొనవలయును. మరణము సంభవించినచోట న్యాయవాదులు ఆ కుటుంబమునకు ముప్పదిలక్షల పరిహారము కలదని దెలిపి, అర్జీ వ్రాసియీయవలయును. కొద్దిపాటి సొమ్ముతో రాజీ చేయించుటకు వచ్చు మధ్యవర్తుల నడ్డుకొనవలయును. మూడు నెలలు గడువకముందే ఫిర్యాదు పడునట్లు చూడవలయును. వీనిలో నొక్కటియు చెఱసాలకు బోవలసినంతటి కార్యము గాదు. మన తాతలు పరప్రభుత్వమును ఎదిరించుటకు లాఠీదెబ్బలు తినిరి. మన కిప్పుడు పొరుగువాని ముఖము చిన్నబోవుట యొక్కటియే వెల.

దయ చూపుమని మేము వ్రాయుట లేదు. దయ ఇచ్చువాని యిష్టము. ఈ దిన ముండును, రేపు తప్పును. హక్కు పుచ్చుకొనువాని సొత్తు. సెప్టిక్ ట్యాంకు గట్టుమీద నిలిచిన కూలివాడు మన కరుణకొఱకు నిలిచియుండుట లేదు. రాజ్యాంగము వాని పేర వ్రాసియిచ్చిన ప్రాణమును మన చేతులలో కొన్ని నిమిషములు నిలిపియున్నాడు. దానిని భద్రముగా తిరిగి యొప్పగించుట అప్పు దీర్చుటయే గాని పుణ్యము గాదు.

తలుపు వేసికొన్న ఆ గృహస్థునకు మా విన్నపము కొంచెమే. ఒక్కసారి తలుపు తెఱచి బయటికి రావలయును. ఆ మనుష్యుని పేరడుగవలయును. పేరు తెలిసినవానిని గుంతలోనికి దింపుట కష్టము. ఆ కష్టము కలిగిన దినమున ఆయన అంతరాత్మ మేల్కొన్నదని తెలిసికొనవచ్చును. మన చట్టములును ఆ దినమునుండియే నడువనారంభించును.